ఇప్పుడు ఏ పేజీలో ఉన్నారు?

ప్రియమైన పిల్లలకు,

మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. ప్రతి ఆదివారం ఫోన్లో కలుసుకుని, ఎవరేం చదువుతున్నారో ఒకరికొకరు చెప్పుకోవాలనుకున్నారట. మొదట్లో బాగానే సాగిందట. తర్వాత్తర్వాత అందరూ "బాగుంది", "పర్లేదు" అని ఊరుకుంటున్నారట. ఎందుకిలా చప్పబడిపోయింది, అసలేం చెప్పాలి తాతయ్యా అని అడిగారు.

మానేయకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, మీరు పుస్తకం అయిపోయాక చెబుతున్నారు. అవ్వకపోయినా అయిపోయినట్టు చెబుతున్నారు. నన్నడిగితే సగంలో ఉన్నప్పుడే చెప్పాలి.

"నీకు బాగా ఇష్టమైన పుస్తకమేది?" అని ఎవరినైనా అడిగి చూడండి. కాసేపు ఆలోచించి, ఏ పేరు చెబితే నలుగురిలో పరువు నిలుస్తుందో ఆ పేరు చెబుతారు. పెద్దవాళ్లం మేం ఇందులో మరీ ఘనులం. ఎప్పుడో చదివి, ఇప్పుడు కథ కూడా సరిగ్గా గుర్తులేని ఓ లావుపాటి గ్రంథం పేరు తడుముకోకుండా చెప్పేస్తాం. అదే "ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడిగితే తప్పించుకునే దారి లేదు. మంచం మీద ఏది బోర్లా పడి ఉందో అదే చెప్పాలి. అది డిటెక్టివ్ నవల కావచ్చు, కామిక్స్ కావచ్చు, నాలుగోసారి చదువుతున్న పాత కథల పుస్తకం కావచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెవులతో వినే పుస్తకం కూడా లెక్కలోకి వస్తుందా అని మీలో ఒకరు అడిగారు. ఎందుకు రాదు? కథ లోపలికి వెళ్లిందా లేదా అన్నదే ముఖ్యం. కంట్లోంచి వెళ్లిందా చెవిలోంచి వెళ్లిందా అని ఎవరడుగుతారు?

ఇంకో సంగతి. పుస్తకం ముగించగానే మనమంతా జడ్జీలమైపోతాం. ఐదుకి మూడు నక్షత్రాలు అనేస్తాం. ముగింపు నచ్చలేదంటే, మధ్యలో పొట్ట చెక్కలయ్యేలా నవ్విన అధ్యాయం కూడా గుర్తుకు రాదు. సగంలో ఉన్నవాడి పద్ధతి వేరు. తీర్పు చెప్పే హక్కు వాడికి ఇంకా రాలేదు. అందుకని ఏం జరుగుతోందో చెబుతాడు, తన అనుమానాలు చెబుతాడు, "ఆ మావయ్యే దొంగ, కావాలంటే పందెం" అంటాడు. వినేవాళ్లకి ప్రాణం లేచొచ్చేది అలాంటి మాటకే.

నా సంగతే చూడండి. నేనిప్పుడు మలుగు చేపల మీద ఓ పుస్తకం చదువుతున్నాను. పాములా పొడుగ్గా, చేతికి చిక్కకుండా జారిపోయే చేప ఉంటుందే, అది. "ఇది మలుగు చేపల జీవితం గురించిన పుస్తకం, ఎంతో సమాచారం ఉంది, తప్పక చదవండి" అన్నాననుకోండి. మీలో ఒక్కరు కూడా అటు తిరిగి చూడరు. కాబట్టి ఇలా చెబుతాను.

యూరప్ నదుల్లో బతికే ఈ చేపలు ఎక్కడ గుడ్లు పెడతాయో శతాబ్దాలపాటు ఎవరికీ అంతుపట్టలేదు. అరిస్టాటిల్ అంతటివాడు అవి బురదలోంచి వాటంతటవే పుడతాయనుకున్నాడు. 1876లో ఓ కుర్ర విద్యార్థి ట్రియెస్ట్ అనే రేవు పట్టణంలో కూర్చుని, వీటిలో మగ చేప ఆనవాలు పట్టుకోవాలని దాదాపు 400 చేపల్ని కోసి చూశాడు. ఖాయంగా ఏమీ తేల్చలేకపోయాడు. తర్వాత చేపల్ని వదిలేసి మనుషుల మనసుల మీద పడ్డాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడిగా తర్వాత లోకమంతా పేరు మోగిన సిగ్మండ్ ఫ్రాయిడే ఆ కుర్రాడు. ఆ తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ ఓడలెక్కి ఏళ్ల తరబడి అట్లాంటిక్ అంతా గాలించాడు. వలలో పడ్డ చేపపిల్లల్ని కొలుస్తూ, ఎటు వెళితే పిల్లలు ఇంకా చిన్నవిగా దొరుకుతున్నాయో అటే వెళ్లాడు. అలా వెళ్లి వెళ్లి అట్లాంటిక్‌లోనే ఒక భాగమైన సర్గాసో సముద్రం చేరాడు. అవి పుట్టేది అక్కడేనని 1920లలో లోకానికి చెప్పాడు. కానీ అక్కడ ఆ చేపలు గుడ్లు పెట్టడం ఈరోజు వరకూ ఎవరూ కళ్లారా చూడలేదు.

చూడలేదన్న సంగతి రచయిత మొదట్లోనే చెప్పేశాడు. మరి మిగతా పుస్తకమంతా ఏం రాశాడా అని చదువుతున్నాను. ష్మిట్ సర్గాసో చేరిన దగ్గర ఉన్నాను. ఆయన చేపపిల్లల్ని కొలిచే పద్ధతి నాకు భలే నచ్చింది. మధ్యలో రచయిత తన చిన్నతనం గురించి రాసిన పేజీలు కాస్త విసుగనిపించాయి. ఇంతే. ఇది విన్నాక మీలో ఎవరికైనా ఆ పుస్తకం చదవాలనిపించవచ్చు, ఇంకొకరికి "అమ్మో, చేపలా, నాకొద్దు" అనిపించవచ్చు. రెండూ మంచివే. వినేవాళ్లు తమకు పనికొస్తుందో లేదో తేల్చుకోగలిగారంటే మీరు బాగా చెప్పినట్టే.

సగంలో ఉన్న పుస్తకం గురించి మాట్లాడుకోవడంలో ఎంత బలం ఉందో తెలియాలంటే హవానా కార్మికుల కథ వినాలి. క్యూబాలోని హవానాలో చుట్టలు చుట్టే కార్ఖానాలు చాలా ఉండేవి. (చుట్టల సంగతి వదిలేయండి, చదువు సంగతి చూడండి.) రోజంతా చేతులకి పని, చెవులు ఖాళీ. 1865లో అక్కడ ఒక పద్ధతి మొదలైంది. హాల్లో ఎత్తుగా ఓ వేదిక వేసి, దాని మీద ఒకాయన కూర్చుని గట్టిగా చదివి వినిపించేవాడు. ఆయనకి జీతమిచ్చేది యజమాని కాదు. కార్మికులే తలా కొంత తమ కూలిలోంచి వేసుకునేవాళ్లు. వార్తాపత్రికలు చదివేవాడు, నవలలు చదివేవాడు. ఏ నవల చదవాలో కార్మికులే తేల్చుకునేవాళ్లు.

ఆలోచించండి. కొన్ని వందలమంది, అందరూ ఒకే పుస్తకంలో, ఒకే పేజీలో ఆగి ఉన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఇంకేం మాట్లాడుకుంటారు? రేపేమవుతుందనే. అక్షరం రానివాళ్లు కూడా ఆ కబుర్లలో సమానంగా కలిసేవాళ్లు. ఇది చూసి అధికారులకి టెన్షన్ పట్టుకుంది. ఏడాది తిరగకముందే, 1866లో, కార్ఖానాల్లో చదివి వినిపించకూడదని గవర్నరు హుకుం జారీ చేశాడు. ఆ హుకుం నిలవలేదు, చదువు మళ్లీ వచ్చింది. క్యూబాలో ఇప్పటికీ ఉంది. అక్కడివాళ్లు ఇష్టపడి విన్న ఒక ఫ్రెంచి నవల పేరునే 1935లో ఒక చుట్టల బ్రాండుకి పెట్టారు. ఒక పుస్తకం జనం నోళ్లలో ఎంతగా నానితే అలా జరుగుతుంది!

మీరు కూడా ఎప్పుడైనా అందరూ ఒకే పుస్తకం పట్టుకుని, వారానికి ఇన్ని అధ్యాయాలని పెట్టుకుని చూడండి. ముందుకు పరిగెత్తి చదివేసేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, నాకు తెలుసు. వాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలన్నది ఒక్కటే షరతు.

ముగింపు చెప్పేస్తే మజా పోతుందా అన్న మీ గొడవ గురించి. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగో పరిశోధకులు ఇద్దరు దీన్ని పరీక్షించారు. కొందరికి చిన్నకథల ముగింపు ముందే చెప్పి చదివించారు, కొందరికి చెప్పకుండా చదివించారు. ముందే తెలిసినవాళ్లకే కథలు కాస్త ఎక్కువ నచ్చాయి. మీలో పెద్దది ఇది చదివి ఎగిరి గంతేస్తుంది. కానీ నేను దాని పక్షం కాదు. ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది చదివేవాడి ఇష్టం, చెప్పేవాడి ఇష్టం కాదు. అడిగాక చెప్పండి. పైగా సగంలో ఉన్నవాళ్ల దగ్గర చెప్పేయడానికి ముగింపే ఉండదు కదా. మీ గొడవ సగం అక్కడే తీరిపోయింది.

నచ్చని పుస్తకం గురించి ఏం చేయాలన్నది అసలైన ప్రశ్న. మానేయొచ్చా? నిశ్చింతగా మానేయొచ్చు. అమెరికాలో న్యాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ దీనికో లెక్క చెప్పారు. ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశం ఇవ్వండి, అప్పటికీ పట్టుకోకపోతే వదిలేయండి అన్నారు. 50 ఏళ్లు దాటినవాళ్లకి ఇంకా వెసులుబాటు ఇచ్చారు. 100 లోంచి వయసు తీసేస్తే ఎంతొస్తే అన్ని పేజీలు చదివితే చాలు. నాకు 72. అంటే 28 పేజీలే. ఈ లెక్కలో ముసలివాళ్లకున్న లాభం మీకు లేదు, ఏం చేస్తాం.

అయితే వదిలేసిన పుస్తకం గురించి కూడా ఆదివారం చెప్పండి. ఎక్కడ వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెప్పండి. "ఉత్త చెత్త" అని కొట్టిపారేయకండి. "పేజీల కొద్దీ అడవి వర్ణనే, కథ కదలదు" అనండి. అడవి వర్ణన కోసమే ఆ పుస్తకం వెతుక్కుంటున్నవాడు మీలోనే ఉండొచ్చు. గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడని మనం చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుందన్నది అందులో రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడన్నది మూడోది. రెండోది అందరికీ తేలిగ్గా అర్థమవుతుంది. నాకు మూడోదే ఎక్కువ ఇష్టం. అలమరలో దుమ్ము కొట్టుకుపోతున్న పుస్తకం తరఫున ఆలోచించినవాడు ఎంత పెద్దమనసున్నవాడో చూడండి. మీరు నిజాయితీగా చెప్పిన కారణం వల్ల, మీకు నచ్చని పుస్తకం కూడా తన మనిషిని చేరుకోగలదు.

ఇక వినేవాళ్లకి ఒకటి చెప్పాలి. ఎదుటివాడు ఉత్సాహంగా చెబుతుంటే "ఓ, అదా, నేనెప్పుడో చదివేశా" అనకండి. మీ ఆదివారాలు చప్పబడటానికి ఈ మాట కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. చదివేసి ఉంటే మరీ మంచిది, "నువ్వు ఎక్కడిదాకా వచ్చావు?" అని అడగండి. ఏడాదికి ఎన్ని పుస్తకాలు పూర్తి చేశానన్న లెక్కలు కూడా అక్కడికి తేకండి. లెక్క మొదలైతే సన్న పుస్తకాలు వెతుక్కోవడం మొదలవుతుంది.

పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పేరు, తేదీ రాసుకోండి. పరహస్తం గతం గతః అని పెద్దలు ఊరికే అనలేదు.

చిన్నాడు అడిగిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఒకేసారి నాలుగు పుస్తకాలు చదవొచ్చా అని. చదవొచ్చురా. కాకపోతే నాలుగూ నాలుగు రకాలుగా ఉండేలా చూసుకో. రెండు డిటెక్టివ్ నవలలు కలిపి చదివితే ఒకదాంట్లో హంతకుణ్ణి రెండోదాంట్లో వెతుకుతూ కూర్చుంటావు. ప్రతిదాంట్లో ఎక్కడ ఆపావో అక్కడ ఓ చీటీ పెట్టి, ఆపేముందు ఏమనిపించిందో దాని మీద ఒక్క ముక్క రాయి. వారం తర్వాత తిరిగొచ్చినా దారి తప్పవు. ఆదివారం ఏం చెప్పాలా అని తడుముకునే పని ఉండదు, ఆ చీటీ చదివితే సరిపోతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య