కాలనీ సంఘం అంటే ఖాళీగా ఉన్న రిటైర్డోళ్ల క్లబ్బేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వైజాగ్‌లో ఒక కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్‌కి చాన్నాళ్లుగా సెక్రటరీగా తిరుగుతున్నాను, పెళ్లి భోజనాల దగ్గర కనబడినా జనం ముందు అడిగేది "మాస్టారూ, మా వీధి రోడ్డు ఎప్పుడేస్తారు" అనే. ఆ తర్వాత వచ్చే మాటలు కూడా దాదాపు అవే, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: గెడ్డ అంటే మురిక్కాలవ, పైన సిమెంట్ పలకలు వేసి మూసేస్తే కంపు పోద్ది, పార్కింగ్ కూడా కలిసొస్తుంది.

వాస్తవం: గెడ్డ మనం తవ్వింది కాదండీ. ఊరికి ఒకపక్క కొండలు, ఇంకోపక్క సముద్రం, కొండ మీద పడ్డ వాన కిందకి దిగే దారి అది, మురుగు తర్వాత మనం కలిపాం. పలకలు వేసేస్తే లోపల పూడిక ఎంత పేరుకుందో పైనుంచి ఎవరికీ కనబడదు, గట్టి వాన పడ్డ రోజు నీళ్లు వాటి దారి అవే వెతుక్కుంటాయి, మా ఊళ్లో చావులమదుం దగ్గర నిలబడి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఎండాకాలంలో పూడిక తీసి గట్టు మీదే కుప్ప పోస్తారు, మొదటి వానకి అదంతా మళ్లీ గెడ్డలోకే! అందుకని మేం ఇప్పుడు "తీశారా" అని అడగట్లేదు, ఎన్ని లారీలు ఎక్కడికి వెళ్లాయో ట్రిప్ షీట్లు అడుగుతున్నాం.

అపోహ: ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేస్తే ఏదీ రాదు.

వాస్తవం: అడగడం రాకపోతే రాదు. "ఎందుకు చెయ్యలేదు" అని రాస్తే అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపేస్తారు, నేనూ మొదట్లో రెండుసార్లు అలాగే దెబ్బతిన్నా. పది రూపాయలు కట్టి, ఫలానా పనికి ఎస్టిమేట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ ఇవ్వండి అని అడగాలి, ఇవ్వాల్సిన గడువు 30 రోజులు, అది దాటితే మొదటి అప్పీలు. ఒకసారి మా వీధి డ్రెయిన్ ఎం-బుక్‌లో కొలత ఒకటి, టేపు పట్టుకుని మేం కొలిస్తే అంతకంటే తక్కువ. ఏ ఆఫీసో చెప్పనులెండి, మిగిలిన ముక్క మాత్రం నెల తిరక్కుండా కట్టేశారు.

అపోహ: కార్పొరేటర్ ఉండగా సంఘం ఎందుకు?

వాస్తవం: 2012 నుంచి 2021 మార్చి ఎన్నికల దాకా జీవీఎంసీకి, అంటే మా నగరపాలక సంస్థకి, ఎన్నికైన కౌన్సిలే లేదు, స్పెషల్ ఆఫీసర్ పాలన. ఆ తొమ్మిదేళ్లూ వీధి లైటుకైనా అర్జీ పట్టుకెళ్లింది సంఘాలోళ్లే.

అపోహ: ఆర్కే బీచ్ కోసుకుపోయింది హుద్‌హుద్ వల్లే.

వాస్తవం: 2014 తుఫాను దెబ్బ కొట్టింది, నిజమే, కానీ కథ అంతకుముందుదే. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఔటర్ హార్బర్ అడ్డుగోడలు దాన్ని ఆపుతాయి, అందుకే పోర్టు డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుక తెచ్చి బీచ్ మీద పోస్తుంటారు. అలాంటి చోట ఒడ్డుకి ఇంకా దగ్గరగా కట్టడాలు అంటే మేం ప్రశ్నలు వేస్తాం, దానికే మాకు "అడ్డుపడేవాళ్లు" అని పేరు.

అపోహ: సొంతిల్లు ఉన్నోళ్లకే మెంబర్షిప్.

వాస్తవం: అది ఆ సంఘం బైలాస్ (రాసుకున్న నియమాలు) బట్టి. మాదాంట్లో అద్దెకున్నోళ్లూ ఉన్నారు. కొత్తగా పెట్టుకోవాలంటే సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు, మీ వీధిలో ఆ ఏడుగురు దొరకడమే కష్టం, అదీ ఆదివారం పొద్దున్న.