కార్బొరేటర్ కడిగాక బండి స్టార్ట్ కాకపోతే

చిరంజీవులు పెద్దోడికి, చిన్నమ్మడికి తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న పాత స్ప్లెండర్ కార్బొరేటర్, అదే పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపేది, మీరిద్దరే విప్పి కడిగారని, బిగించాక ఎంత కొట్టినా బండి స్టార్ట్ కావడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు కిక్కు కొట్టడం ఆపండి. ఆటోనగర్‌కి తోసుకుపోవడం కూడా ఇప్పుడే వద్దు. పటమట నుంచి దగ్గరే అనుకోండి, కానీ విప్పింది మీరు. ఏది ఎక్కడ పెట్టారో మెకానిక్కు కన్నా మీకే బాగా తెలుసు. మొన్నటిదాకా నడిచిన బండి ఇది. ఇంజను, బ్యాటరీ, వైరింగు అన్నీ అనుమానించి టెన్షన్ పడకండి. మీ చెయ్యి పడ్డ చోటే వెతకండి.

స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉందా, పెట్రోలుతో తడిసిందా? సగం సంగతి అదే చెప్పేస్తుంది.

పొడిగా ఉంటే ఇంజనులోకి పెట్రోలు వెళ్లడం లేదు. ట్యాంకు కింది పెట్రోలు ట్యాప్ తెరిచారా? నవ్వకండి, కడిగినవాళ్లలో చాలామంది మరిచేది దాన్నే. తరవాత కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ కాస్త వదులు చేసి, కింద గాజు సీసా పెట్టండి. పెట్రోలు ఆగకుండా సన్నని ధారగా రావాలి. రాకపోతే పైపు మెలిక పడి ఉండొచ్చు, గిన్నెలో తేలే ఫ్లోట్ మీద ఉండి పెట్రోలు దారి మూసే నీడిల్ పైన ఇరుక్కుని ఉండొచ్చు, ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడి ఉండొచ్చు. మూత తీసి చూస్తే ఆ మూడోది వెంటనే తేలిపోతుంది.

సీసాలో పట్టిన పెట్రోలును కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా. అలాంటి బండికి ట్యాంకు ఖాళీ చేయకుండా కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ఆ నీళ్లే మళ్లీ గిన్నెలోకి దిగుతాయి.

గిన్నెలోకి పెట్రోలు బాగానే వస్తోంది, ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది అంటే నా అనుమానం స్లో జెట్ మీద, అంటే పెట్రోలు కొలతగా వదిలే చిన్న ఇత్తడి ముక్క మీద. ఇది కాస్త నిదానంగా చదవండి. కిక్కు కొట్టేటప్పుడు ఎక్సలేటర్ వదిలేసి ఉంటారు కాబట్టి, కార్బొరేటర్‌లో గాలి వెళ్లే గొంతులో, ఎక్సలేటర్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడు దాదాపు కిందికి మూసుకుని ఉంటుంది. అప్పుడు పెద్ద జెట్ వల్ల ఉపయోగం లేదు. ఇంజను పీల్చే పీల్పు స్లైడు వెనకున్న చిన్న రంధ్రం మీదే పడుతుంది. ఆ రంధ్రానికి పెట్రోలు పంపేది స్లో జెట్. దాని బెజ్జం అర మిల్లీమీటరు కన్నా సన్నం. గిన్నె తళతళ మెరిసేలా తోమి, ఈ బెజ్జంలో నలుసు వదిలేస్తే బండి స్టార్ట్ కాదు. ఐడ్లింగులో, అంటే ఎక్సలేటర్ వదిలేస్తే, ఆగిపోతోందనే కదా అసలు విప్పింది? అది కూడా దీని పనే అయి ఉంటుంది.

జెట్ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. వెలుగు గుండ్రంగా చుక్కలా కనబడాలి. గుండుసూది మాత్రం పెట్టకండి. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదైతే జెట్ పాడైపోయినట్టే. కార్బొరేటర్ క్లీనర్లో నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. జెట్ కూర్చునే దారిలోకి కూడా స్ప్రే కొట్టి, గొంతులోని చిన్న రంధ్రంలోంచి బయటికొస్తోందో లేదో చూడండి. ఎగిరి కళ్లల్లో పడుతుంది, కళ్లజోడు పెట్టుకోండి. ఆ స్ప్రేకి రబ్బరు రింగులు ఉబ్బుతాయి, అవి ముందే తీసి పక్కన పెట్టాలి.

చోక్ వేసి కిక్కు కొడుతూ ఎక్సలేటర్ తిప్పే అలవాటు పెద్దోడికి ఉంది. తిప్పితే స్లైడు లేస్తుంది, పీల్పు తగ్గిపోతుంది, చోక్ వేసిన ప్రయోజనం పోతుంది.

ఇక ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైందన్నా అయి ఉండాలి, కరెంటు రావడం లేదన్నా అయి ఉండాలి. ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతోందంటే ఫ్లోట్ సరిగ్గా కూర్చోలేదు, లేదా నీడిల్ మొన దగ్గర నలుసుంది. ట్యాప్ మూసి, చోక్ తీసేసి, తాళం ఆపి, ప్లగ్గు లేకుండా ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొట్టండి. లోపలి పెట్రోలు ఆవిరై బయటికి పోతుంది. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించండి. కరెంటు పరీక్షకి మాత్రం ఆ ప్లగ్గు దాని చోటే ఉండాలి. ఇంకో ప్లగ్గు క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజనుకి ఆనించి, తాళం వేసి కిక్కు కొట్టండి. తెరిచిన రంధ్రం పక్కన నిప్పురవ్వ ఎగిరితే అంటుకుంటుంది. ఇదంతా వరండాలో, గాలి ఆడే చోట చేయండి. అమ్మ దీపం పెట్టే వేళ వద్దే వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది.

కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్య ఉండే రింగు సరిగ్గా పడిందా? నట్లు రెండూ సమంగా బిగించారా? చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరి బొండాం తాగి చూడండి, గాలే వస్తుంది తప్ప నీళ్లు రావు. ఇంజను పరిస్థితీ అదే.

స్లైడుకి పక్కన ఒక గాడి ఉంటుంది, లోపలున్న బుడిపె దాంట్లో కూర్చోవాలి. కోసినట్టున్న వైపు ఎయిర్ ఫిల్టర్ దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే స్లైడు పూర్తిగా కిందికి దిగదు, స్టార్ట్ అయినా బండి ఒక్కసారిగా అరుస్తుంది. గేరులో పెట్టి ఎప్పుడూ ప్రయత్నించకండి.

పక్కనున్న చిన్న ట్యూనింగ్ స్క్రూని విప్పేముందు ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టారా? పెట్టకపోతే మెల్లిగా చివరిదాకా బిగించి, గట్టిగా నొక్కకుండా, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. అసలు సర్దుబాటు ఇంజను వేడెక్కాకే చేయాలి.

2020లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త స్ప్లెండర్లకి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిని ఇలా ఇంట్లో విప్పి చూసుకోవడం కుదరదు. మీ నాన్న ఈ పాతబండి అమ్మనంటున్నాడంటే నాకు అందులో తప్పేం కనబడదు.

ఇవన్నీ చూశాక కూడా స్టార్ట్ కాకపోతే, ఏం విప్పారో ఏ వరసలో బిగించారో కాగితం మీద రాసుకుని ఆటోనగర్ వెళ్లండి. ప్లగ్గు ఫొటో తీసి ముందు నాకు పంపండి.

గుంటూరు నుంచి,
మీ తాతయ్య