నట్టు కింది రేకు

పరకాల దగ్గర మా చిన్నాన్నకు పత్తి చేను, ఒక బావి ఉన్నాయి. బావి గట్టున ఇనుప చానల్ (‘సి’ ఆకారపు దూలం) మీద కూర్చోబెట్టిన మోటారు నట్లు పది రోజులకోసారి వదులయ్యేవి. ఒక్కో బోల్టుకు రెండేసి స్ప్రింగు వాషర్లు (ఒకచోట తెగి, మెలిక తిరిగిన ఉక్కు చుట్లు) వేసినా అదే తీరు. “ఇంకోటి వేసి చూద్దామా?” అని అడిగారాయన. నట్టును పట్టి ఉంచేది స్ప్రింగు వాషరేనని ఆయన నమ్మకం. హన్మకొండ చౌరస్తాలో హార్డ్‌వేర్ దుకాణం మెట్లెక్కేవారిలో చాలామంది నమ్మకమూ అదే.

అసలు పట్టంతా బోల్టు సాగడంలో ఉంది. పానా తిప్పేకొద్దీ ఉక్కు బోల్టు కూడా రబ్బరు పట్టీలాగే రవంత సాగి, వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ అదిమి పెడుతుంది. తల మీద 8.8 అని ఉక్కు బలాన్ని తెలిపే ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టును సరిగ్గా బిగిస్తే ఆ బలం సుమారు మూడున్నర టన్నులు. బిగించే భాగాల మందం 50 మిల్లీమీటర్లనుకుంటే, అంత బలానికి బోల్టు సాగేది మిల్లీమీటరులో పదో వంతు, అంటే ఒక కాగితం మందం. నట్టు కింద ఉన్న పెయింటో తుప్పు పొరో అందులో సగం అణిగిందంటే బిగువు కూడా సగానికి పడిపోతుంది. రెండు వాషర్లు పేర్చితే అణిగే ముఖాలు పెరుగుతాయే తప్ప పట్టు పెరగదు.

సాదా వాషర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల బోల్టుకు వాడే నట్టు వెడల్పు 17 మిల్లీమీటర్లు, మామూలు వాషర్ వ్యాసం 20, పెద్ద వాషర్ వ్యాసం 30. అంకెల్లో తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ, వైశాల్యం లెక్క వేస్తే కింది చెక్క మీద ఒత్తిడి మామూలు వాషర్‌తో అరవై శాతానికి, పెద్దదానితో నాలుగో వంతు కన్నా తక్కువకు దిగుతుంది. అయితే వాషర్ రేకు మరీ పలచనైతే నట్టు దగ్గర గుంటపడి, అంచులు పైకి లేస్తాయి. అప్పుడు ఎంత వెడల్పున్నా ఫలితం లేదు. తలుపు గొళ్లేనికైనా, మంచం పట్టెకైనా మందం చూసి కొనడం మంచిది.

ఇక స్ప్రింగు వాషర్. బోల్టుల మీద 1990లో నాసా వెలువరించిన డిజైన్ మాన్యువల్ దీని గురించి మొహమాటపడలేదు: పూర్తిగా బిగించేసరికి అది చదునైపోతుంది, ఆ తర్వాత సాదా వాషర్‌తో సమానం, పట్టి ఉంచే శక్తి దానికి ఉండదు. నట్టు వదులయ్యేది ఎందుకో 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలతో చూపించాడు. బోల్టు పొడవునా లాగే కుదుపు కన్నా, భాగాలు అడ్డంగా అటూ ఇటూ జరిగే కుదుపే ఎక్కువ ప్రమాదం. అలా జారిన ప్రతిసారీ బోల్టు, నట్టు మరల (థ్రెడ్ల) మధ్య రాపిడి పట్టు తప్పుతుంది, నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. ఈ కుదుపును తట్టుకోవడానికే మెట్లు మెట్లుగా చెక్కిన జంట వాషర్లు వచ్చాయి. నట్టు వెనక్కి తిరగబోతే ఆ మెట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి బోల్టును మరింత సాగదీస్తాయి. ధర మాత్రం ఎక్కువే.

చిన్నాన్న మోటారుకు అంత ఖర్చు అవసరం లేకపోయింది. చానల్ కిందికి వంగి చూస్తే విషయం బయటపడింది. చానల్ అంచు లోపలి ముఖం చదునుగా ఉండదు, వాలుగా ఉంటుంది. నట్టు ఆ వాలు మీద ఒక్క మూలతో ఆని, బోల్టును కాస్త వంచింది. మూల ఆనిన చోట పెయింటు నలిగి, ఇనుము మెరుస్తోంది. దీనికి వేయాల్సింది ఒక పక్క మందంగా, మరో పక్క పలచగా ఉండే చదరపు వాలు వాషర్. వరంగల్ బజారులో మూడో దుకాణంలో దొరికింది. పెయింటు గీకి, వాలుకు ఎదురుగా దాన్ని పెట్టి బిగించాం.

అదే మోటారు ఎర్త్ తీగ దగ్గర పళ్ల వాషర్ ఉంది. దాని పళ్లు పెయింటును చీల్చి లోహాన్ని తాకితేనే కరెంటుకు దారి దొరుకుతుంది. రేకుల కప్పు మీద కొక్కెం బోల్టులకు తారు వాషర్, దాని మీద గిన్నెలాంటి ఇనుప వాషర్ వేస్తారు. ఎండకు తారు పెళుసెక్కి పగులుతుంది కాబట్టి బోల్టును రేకు పల్లంలో కాక మిట్టలో దించుతారు. నల్లా వాషర్ సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. ఊళ్లలో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2 చేతిపంపులో మాత్రం గిన్నె ఆకారపు తోలు వాషర్లుండేవి. పైకి లాగినప్పుడు నీటి బరువే తోలు అంచును గొట్టానికి అదిమి, కారకుండా ఆపేది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ట్రాక్టరు డీజిల్ పైపుల దగ్గరి రాగి వాషర్. మెత్తని రాగి నట్టు ఒత్తిడికి నలిగి, ముఖాల మీది గీతల్లోకి చొచ్చుకుపోయి డీజిల్‌ను ఆపుతుంది. ఒకసారి నలిగితే గట్టిపడుతుంది, మళ్లీ వేస్తే కారుతుంది. ఓ మెకానిక్ షెడ్డులో పెద్దాయన పాత వాషర్‌ను పటకారుతో మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశారు. కమ్మరి కొలిమిలో కొడవలికి పదును పెట్టేదీ ఇలాగే కదా, ఇంకా గట్టిపడదా అన్నాడు పని నేర్చుకుంటున్న కుర్రాడు. ఉక్కు అలా గట్టిపడుతుంది. రాగిలో, నలిగినప్పుడు చిక్కుపడిన పరమాణువుల వరుసలు వేడికి మళ్లీ సర్దుకుంటాయి, లోహం మెత్తబడుతుంది. పెద్దాయన ఏమీ చెప్పకుండా వాషర్‌ను నీళ్లలోంచి తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. వాడు రెండు వేళ్లతో నొక్కగానే అది వంగింది.