మంగళగిరి కొండ అగ్నిపర్వతం కాదు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు మధ్య బోరు స్థలాలు పరీక్షించే భూగర్భ శాస్త్రవేత్తగా నేను తరచూ వినే ప్రశ్న ఒకటుంది: "మంగళగిరి కొండ అగ్నిపర్వతమట కదండీ, పానకం పోయడం ఆపితే లోపలి గంధకం అంటుకుంటుందట కదా?" స్వామికి పానకం సమర్పించడం భక్తికి సంబంధించిన విషయం, బిందె పట్టుకుని నేనూ ఆ మెట్లెక్కినవాడినే. రాయి సంగతికి వస్తే మాత్రం ఇది పూర్తిగా అపోహ.

ఇది తూర్పు కనుమల రాయి. ఒకనాటి మట్టి, ఇసుక పొరలు భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి రూపు మారి ఖోండలైటుగా ఏర్పడి వంద కోట్ల ఏళ్లు దాటింది. మన దేశంలో సజీవ అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం ఒక్కటే.

ఈ పుకారు ఎవరి కొంప ముంచుతుందో కళ్లారా చూశాను. కొండ దిగువన స్థలం కొనుక్కున్న విశ్రాంత దంపతులు ఒకరోజు సీసాలో బోరు నీళ్లు తెచ్చి నా బల్లమీద పెట్టారు. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. గంధకం పొంగుతోందని ఎవరో చెప్పగా, కొన్న ధరకంటే తక్కువకే అమ్మడానికి సిద్ధపడ్డారు. "మూడు వారాలుగా కంటిమీద కునుకు లేదు బాబూ" అన్నారావిడ. చాలాకాలం వాడని బోరులో, గాలి సోకని నీటిలో పెరిగే బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చడమే ఆ వాసనకు కారణం. క్లోరిన్‌తో శుద్ధిచేసి, మోటారు కొన్ని గంటలు నడిపించాక అది పోయింది. పుకారు చెప్పిన వ్యక్తే స్థలం కొనడానికి ముందుకొచ్చాడని తెలిసి నాకు ఒళ్లు మండింది.

వెయ్యి అడుగుల బోరులో నీరు గోరువెచ్చగా వస్తే కింద లావా ఉన్నట్టు కాదు; లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కడైనా భూమి వేడెక్కుతుంది. 1967 ఒంగోలు భూకంపానికీ అగ్నిపర్వతాలతో సంబంధం లేదు.

నిజమైన లావా రాయి కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి ఆ నల్లరాయిని కంకరగా కొట్టి రోడ్లకు, కట్టడాలకు వాడుతున్నారు. లావా పొరల మధ్య సున్నపురాయిలో నత్తగుల్లలు కూడా దొరుకుతాయి. పంగిడి ముక్క ఒకటి, మంగళగిరి ముక్క ఒకటి నా బల్లమీద పక్కపక్కన ఉంటాయి. భయపడుతూ వచ్చినవారి చేతిలో ముందు ఆ రెండూ పెడతాను: ఒకటి నున్నటి నలుపు, రెండోదానిలో దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు.