అనుకున్న రోజుకి పని ఎందుకు అవదు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఎనిమిది నెలల్లో అయిపోతుందన్న పక్కవాళ్ల ఇల్లు ఏడాదిన్నర పట్టడం మన కళ్లతోనే చూసి ఉంటాం. అయినా మన స్థలంలో ముగ్గు పోసిన రోజున, మేస్త్రి చెప్పిన ఎనిమిది నెలలే నమ్మి, ఉగాదికి గృహప్రవేశం అని చుట్టాలకు చెప్పేస్తాం. పక్కవాళ్లకు జరిగింది తెలిసి కూడా మన లెక్కలోకి ఎందుకు రాదు? పని గడువుల చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గడువును లెక్కగట్టే పద్ధతుల్లో బాగా పేరొచ్చిన ఒకటి ఆయుధాల తయారీ నుంచి పుట్టింది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం జలాంతర్గామి నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణిని తయారు చేస్తోంది. అలాంటి పనిలో అంతకుముందు అనుభవం పెద్దగా లేదు. దానికోసం 1958లో రూపొందిన పద్ధతే పెర్ట్. ఇంజినీరింగ్, ఎంబీఏ చదివినవాళ్లలో చాలామంది ఈ లెక్క పరీక్షలో చేసే ఉంటారు. ఒక్కో పనికి మూడు గడువులు అడుగుతారు: అంతా కలిసొస్తే ఎంత, మామూలుగా అయితే ఎంత, అన్నీ అడ్డం తిరిగితే ఎంత. మామూలు గడువును నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. 4, 6, 14 వారాలు అనుకుంటే 7 వారాలు వస్తుంది. ఒకే అంకె పట్టుకుని కూర్చోవడం కంటే ఇది ఎంతో మెరుగు. కాకపోతే ఆ మూడు అంకెలూ ఒకే మనిషి ఊహలోంచి వస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో గడువు తప్పే చిక్కు 1960ల్లోనే బయటపడింది. ఐబీఎం తన కంప్యూటర్ల కోసం చేయించిన ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లో రాశారు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది అప్పటికే టెన్షన్‌లో ఉన్న పాతవాళ్లే కదా. హైదరాబాద్‌లోనైనా అమెరికాలోనైనా ఐటీలో పనిచేసే మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక సంఘటన. 1970ల్లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ కొందరితో కలిసి హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యాంశం తయారు చేస్తున్నారు. విషయం ఏమిటంటే, మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారనేది. సుమారు ఏడాది పని అయ్యాక, ఇంకెంత కాలం పడుతుందో విడివిడిగా కాగితం మీద రాయమని ఆయన అందర్నీ అడిగారు. జవాబులన్నీ ఏడాదిన్నరకు, రెండున్నరేళ్లకు మధ్యే వచ్చాయి. ఆ బృందంలో సేమౌర్ ఫాక్స్ అనే పాఠ్యప్రణాళికల నిపుణుడు ఉన్నారు. కానెమన్ ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగారు: మనలాంటి బృందాలు ఇదివరకు ఎన్నో పనిచేశాయి కదా, వాటికి ఎన్నాళ్లు పట్టింది? ఫాక్స్ ఆలోచించి చెప్పిన మాటకు అందరూ అవాక్కయ్యారు. అలాంటి బృందాల్లో 40 శాతం అసలు పని ముగించనే లేదు. ముగించినవాళ్లకు ఏడేళ్లకు తక్కువ, పదేళ్లకు ఎక్కువ పట్టలేదు. మన బృందం వాళ్లకంటే మెరుగా అంటే, కాదు, కాస్త తక్కువే అన్నారు.

కొద్ది నిమిషాల ముందు కాగితం మీద రెండున్నరేళ్లలోపే రాసినవాళ్లలో ఆ ఫాక్స్ కూడా ఉన్నారు. తెలిసిన సంగతి ఆయన మనసులోనే ఉంది, కానీ తమ పనికి గడువు రాస్తున్నప్పుడు అది గుర్తుకు రాలేదు. ఇంకా బాధ కలిగించేది ఆ తర్వాత జరిగింది. కాసేపు మాట్లాడుకుని, ఏమీ విననట్టే పని కొనసాగించారు. అది పూర్తవడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికి విద్యాశాఖకు ఆసక్తి పోయింది. ఆ పాఠాలు ఏ పిల్లలకూ చేరలేదు.

కానెమన్, ఆయన సహచరుడు ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టారు. దాన్ని తెలుగులో ప్రణాళికా భ్రమ అనుకోవచ్చు. మన పని లోపల నిలబడి చూస్తే మన అడుగులే కనిపిస్తాయి. ఒకసారి బయటికి వచ్చి, ఇలాంటి పనులకు ఇతరులకు ఎన్నాళ్లు పట్టిందో చూడాలన్నది వాళ్లు చెప్పిన మందు.

1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. థీసిస్ ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగితే సగటున 33.9 రోజులు అన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5 రోజులు. అంటే మనం ఊహించే అతి చెడ్డ గడువు కూడా ఆశతో కట్టినదే. పెర్ట్‌లో ఆ మూడో అంకెను గుడ్డిగా నమ్మలేమని నేను అంటున్నది ఇందుకే.

పెద్ద నిర్మాణాల మీద డెన్మార్క్‌కు చెందిన బెంట్ ఫ్లూబియెర్గ్ లెక్కలు తీశారు. 2002లో ఆయన బృందం 20 దేశాల్లోని 258 రవాణా ప్రాజెక్టులను చూస్తే, పదింట తొమ్మిదింటికి ఖర్చు అంచనా దాటింది. ఇందులో భ్రమ ఒక్కటే లేదని ఆయన గట్టిగా చెప్పారు. మంజూరు దక్కాలని కావాలని తక్కువ చెప్పేవాళ్లూ ఉంటారు. అంచనాలు ఇలా ఆశతో తగ్గిపోతాయి కాబట్టి, ప్రభుత్వ ప్రాజెక్టుల సొంత అంచనాకు ఇంత శాతం కలపాల్సిందేనని బ్రిటన్ ఆర్థికశాఖ 2003లో నియమం పెట్టింది.

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవాల్సిన దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం ఇది. 2005లో మంజూరైంది, 2010కి పూర్తి కావాలన్నారు. పైన పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా భూమిలోకి దారి తవ్వే వీలు లేదు, రెండు చివరల నుంచే యంత్రాలు తొలుచుకుంటూ పోవాలి. అలాంటి చోట ఒక యంత్రం ఆగితే ఆ వైపు పనంతా ఆగుతుంది. 2009 కృష్ణా వరదలు పనిని దెబ్బతీశాయి. ఆ తర్వాత గడువు మారుతూనే వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం వైపు పైకప్పు కూలి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అప్పటికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉంది.

మిగిలిన దారిలో రాయి ఎలా ఉందో చూడడానికి అదే ఏడాది నవంబరులో హెలికాప్టర్ సర్వే మొదలుపెట్టారు. మొదటి గడువు రాసుకుని అప్పటికి 20 ఏళ్లు.