వరద చెత్తంతా ఒకే ట్రాలీలోనా? అపోహలు – వాస్తవాలు

2009 అక్టోబరులో తుంగభద్ర ఆలంపూర్, రాజోలి ఊళ్లను ముంచింది. అలాంటి వరద తీసిన మర్నాడు ఏ ఊళ్లోనైనా ఒకటే తొందర, అన్నీ ఎత్తి ట్రాక్టర్‌లో పడెయ్యాలని. శుభ్రం చేసే పనిలో ఉన్న నాకు ఈ మాటలు తరచూ వినిపిస్తాయి.

అపోహ: సిమెంటు రేకు పగిలినా రాయిలాంటిదే.

వాస్తవం: కాదు. పాత సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉంటుంది. రేకు పగలకుండా కప్పు మీద ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. ట్రాలీలో పట్టడానికి సుత్తితో కొట్టినప్పుడే కంటికి కనపడని పోగులు లేస్తాయి. కొత్తలో నేనూ అలాగే కొట్టించాను. సాయంత్రానికి చేతుల వెంట్రుకల మీద తెల్లటి పొడి. ఆ పోగులు పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై ఏళ్లకు కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇప్పుడు పంపుతో సన్నగా నీళ్లు చల్లుతూ, ఇద్దరం పట్టుకుని రేకును పగలకుండా దించుతాం. (పురుగుమందు కొట్టిన పంపు మాత్రం వద్దు, ఎంత కడిగినా సరే.) మందపాటి ప్లాస్టిక్ పట్టాలో రెండు పొరలు చుట్టి, టేపు అంటించి, పైన ‘ఆస్‌బెస్టాస్’ అని పెద్దగా రాస్తాం. ముక్కలను యూరియా సంచుల్లో వేయకండి, అల్లిక సందుల్లోంచి పొడి కారుతుంది. ఎండిన పొడిని చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తీయండి.

అపోహ: మూతికి దస్తీ కట్టుకుంటే చాలు.

వాస్తవం: ఈ పోగులను గుడ్డ ఆపలేదు. ముఖానికి బిగువుగా కూర్చునే పీ-100 ఫిల్టర్ మాస్కు కావాలి. గడ్డం ఉంటే అదీ సరిగా కూర్చోదు.

అపోహ: పురుగుమందు డబ్బా కారితే బ్లీచింగ్ చల్లాలి.

వాస్తవం: బ్లీచింగ్ క్రిములకు, పురుగుమందుకు కాదు. మన పత్తి ఊళ్లలో ప్రతి కొట్టంలో ఈ డబ్బాలుంటాయి. గ్లవుజులు వేసుకుని, కారేదాన్ని మూతున్న పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో నిలబెట్టండి. ఒలికిన చోట పొడి ఇసుక పోసి, ఆ ఇసుకనూ విడిగా మూటకట్టండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది మరో గొడవ.

అపోహ: ధాన్యంలో పెట్టే గోలీలు తడిస్తే పనికిరావు.

వాస్తవం: తడిస్తేనే ప్రమాదం. ఆ గోలీల్లో ఉండే అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు తేమ తగిలితే ప్రాణం తీసే ఫాస్ఫిన్ వాయువు వస్తుంది. కవర్లో బిగించి కడితే గ్యాసు నిండి అంటుకోవచ్చు కూడా. మిర్యాలగూడ వైపు మిల్లు గోదాముల్లో పనిచేసేవాళ్లు గుర్తుంచుకోండి: ముట్టుకోకుండా బయటికొచ్చి, గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చేయండి.

ఇక ఇన్వర్టర్ బ్యాటరీ. ఆటోలో పడుకోబెట్టకండి, ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి తీసుకెళ్లండి.