భీమిలి ఇసుకలో థోరియం ఉంటే కొవ్వాడకు యురేనియం ఎందుకు?

భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గగానే తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ చార మీద అయస్కాంతం తిప్పితే కొన్ని రేణువులు కుచ్చులా అంటుకుంటాయి. ‘ఇదే అణు ఇసుక’ అని చెప్పేవాళ్లకు విశాఖలో కొదవ లేదు. నిజానికి అలా అంటుకునేది మాగ్నటైటు, అంటే ఇనుప ఖనిజం. చారకు నలుపు తెచ్చేది చాలావరకు ఇల్మెనైటు, అందులో ఉండేది టైటానియం. ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. అణు ఇంధనానికి ముడిసరుకు కాగల లోహం థోరియం. అది ఉన్న ఖనిజం మోనజైటు అసలు నల్లగానే ఉండదు. తేనె రంగులో, వీటన్నిటి మధ్యా ఎక్కడో కొద్దిగా ఉంటుంది.

తూర్పు కనుమల రాళ్లు శిథిలమవుతుంటే వాగులూ నదులూ ఆ పొడిని సముద్రానికి చేర్చాయి. మామూలు ఇసుక సాంద్రత నీటికి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, మోనజైటుది సుమారు అయిదు రెట్లు. అలలు చేటతో చెరిగినట్టు తేలికైనదాన్ని ఊడ్చుకుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి. దేశంలో మోనజైటు నిల్వలు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

ఇదే తీరం వెంట ఈశాన్యంగా వెళితే శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ వస్తుంది. అక్కడ ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ‘ఏపీ1000’ రకం అణు విద్యుత్ రియాక్టర్లు ప్రతిపాదించారు. అమెరికా నమూనా, సులువుగా చీలే రకమైన యురేనియం-235 పాళ్లు పెంచిన యురేనియం ఇంధనం. కాళ్ల కింద థోరియం పెట్టుకుని పరాయి ఇంధనం దేనికని అడగడం సబబే.

చిక్కంతా పరమాణు కేంద్రకంలో ఉంది. యురేనియం-235కి నెమ్మదైన న్యూట్రాన్ తగిలితే చాలు, కేంద్రకం చీలి వేడినీ, మరి రెండు మూడు న్యూట్రాన్లనూ ఇస్తుంది. గొలుసు అలా సాగుతుంది. అదే న్యూట్రాన్ థోరియం-232కి తగిలితే చీలదు, మింగేస్తుంది. థోరియం-233గా మారి, నిమిషాల్లోనే ప్రొటాక్టినియం-233 అవుతుంది. అందులో సగం యురేనియం-233 కావడానికి 27 రోజులు పడుతుంది. ఇంధనంగా పనికొచ్చేది చివర వచ్చిన ఆ యురేనియమే. అంటే థోరియాన్ని వాడాలంటే ముందు న్యూట్రాన్లిచ్చే వేరే ఇంధనం ఉండాలి. థోరియం తనంతట తానుగా దేన్నీ మొదలుపెట్టదు.  

మన అణు కార్యక్రమానికి పునాది వేసిన శాస్త్రవేత్త హోమీ భాభా 1950లలో మూడు దశల ప్రణాళిక వేసింది ఇందుకే. మొదట సహజ యురేనియం, భారజలంతో నడిచే రియాక్టర్లు. వాటి వాడిన ఇంధనం నుంచి తీసిన ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్లు, అంటే ఖర్చుచేసే ఇంధనం కంటే ఎక్కువ కొత్త ఇంధనాన్ని పుట్టించగల రియాక్టర్లు. ఆ తర్వాతే థోరియం వంతు. రెండో దశ మనకు దశాబ్దాల పాటు ఆలస్యమైంది. అసలు కథ ఆగింది అక్కడే. ఇసుక తవ్వకం గురించి జరిగినంత చర్చ దాని గురించి జరగలేదు.

పైగా యురేనియం-233తో పాటు కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది. దాని నుంచి వరుసగా పుట్టే మూలకాల్లో థాలియం-208 తీవ్రమైన గామా కిరణాలు వెదజల్లుతుంది. అందుకే ఈ ఇంధనాన్ని మందపాటి గోడల వెనుక నుంచి, యంత్రాల చేతులతో తయారు చేయాలి. అయినా ఆ పని మన దేశంలో జరిగింది: తమిళనాడులోని కల్పాక్కంలో 1996లో మొదలైన కామిని రియాక్టరు యురేనియం-233తోనే నడుస్తుంది. దాని సామర్థ్యం 30 కిలోవాట్లు, అదీ వేడి రూపంలో. విద్యుత్తు కోసం కట్టింది కాదు, న్యూట్రాన్లతో వస్తువుల లోపలి భాగాలను ఫొటో తీయడం వంటి పరీక్షలకు వాడతారు.